బూందీ ఏలేశ్వరపు, వయసు 72 నెలలు

ముందే చెప్పేస్తున్నాను: మేం బల్లికి పెరుగన్నం పెట్టలేదు. నిన్న క్లినిక్కులో ఈ ముక్క కనబడిన ప్రతివాళ్ళకీ చెప్పాను. అందరూ తలూపారు. ఒక్కరూ నమ్మలేదు.

జరిగింది గబగబా చెప్పేస్తాను. మేముండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. మా అమ్మాయి పుట్టినరోజుకి గోల్డ్‌ఫిష్ కొందామని ఓ పెద్ద పెట్ స్టోరుకి వెళ్ళాం. చేపల దాకా వెళ్ళనే లేదు. దారిలో అద్దాల పెట్టెలో, ఇసక మీద లెపర్డ్ గెకో అనే రకం బల్లి ఒకటి పడి ఉంది. పసుపు ఒంటి మీద నల్ల చుక్కలు. ఈ జాతి కొవ్వంతా తోకలో దాచుకుంటుంది. తిండి సరిగ్గా అందితే తోక మన బొటనవేలంత లావుంటుంది. దీని తోక పెన్సిలంత కూడా లేదు. కుబుసం పూర్తిగా ఊడక కాలివేళ్ళ చుట్టూ బిగుసుకుపోయింది, ఒక కన్ను మూసుకుపోయింది. గిన్నెలో ఎండబెట్టిన పురుగులు పోసి ఉంచారు. పురుగు కదిలితేగానీ అది తిండని ఈ జీవి గుర్తుపట్టదు. ఎండుపురుగూ ఇసకా దీని లెక్కలో ఒకటే.

అక్కడి కుర్రాణ్ణి పిలిచి అడిగితే, "ఇవి పగలు పడుకుంటాయండీ" అన్నాడు. పడుకోవడానికీ పోవడానికీ తేడా తెలియని వాడికి యూనిఫారం వేసి నిలబెట్టారు. పోనీ ధర తగ్గించమన్నాను. తగ్గిస్తే జబ్బు చేసిందని ఒప్పుకున్నట్టే కాబట్టి కుదరదన్నాడు. నలభై డాలర్లు పోసి ఆ జబ్బుని ఇంటికి తెచ్చుకున్నాం. హీట్ మ్యాటు, దానికి కంట్రోలరు, కాల్షియం పొడి, బతికున్న పురుగుల డబ్బా వేరు. ఆ బిల్లు మా ఆయనకి ఇంకా చూపించలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

ఇంట్లో మా మావయ్యగారున్నారు. కాకినాడ నుంచి ఆర్నెల్లకి వచ్చారు. హైస్కూల్లో ఇంగ్లీషు మేష్టారుగా చేసి రిటైరయ్యారు.

"బల్లిని డబ్బులిచ్చి కొన్నారా?" అన్నారు. "మనింట్లో ట్యూబులైటు వెనకాల ఎన్నున్నాయో తెలుసామ్మా? అడిగితే ఊరికే ఇచ్చేవాణ్ణి."

పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు కూడా ఎత్తారు. కానీ లెపర్డ్ గెకోకి మన గోడబల్లికున్నట్టు అంటుకునే పాదాలుండవు, ఉత్త గోళ్ళే. గోడెక్కలేదు. గోడెక్కని బల్లి మీద పడే ప్రసక్తే లేదు గనక శాస్త్రం అడ్డురాదని ఆయనే తీర్పిచ్చారు. పైగా తాను కంచిలో బంగారు బల్లిని ముట్టుకుని వచ్చినవాణ్ణి, ఏ దోషమూ అంటదన్నారు. దీనికి కనురెప్పలుంటాయి, మిగతా గెకోల్లో చాలావాటికి ఉండవు. బాగున్న కన్ను ఆర్పినప్పుడల్లా "చూడు, కన్ను కొడుతోంది" అని నవ్వేవారు. ఈ జాతి సొంతూరు అఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతం రాతిగుట్టలనీ, 1854లో దీన్ని మొదట వర్ణించిన ఎడ్వర్డ్ బ్లైత్ కలకత్తా మ్యూజియంలో పనిచేసేవాడనీ మా అమ్మాయి చదివి వినిపించింది. "అయితే మనవైపు వాడే" అన్నారు. ఆ క్షణం నుంచి బల్లి కాస్తా 'వాడు' అయింది. మా అమ్మాయి బూందీ అని పేరు పెట్టింది.

గోరువెచ్చని నీళ్ళలో పాదాలు నానబెట్టి, ఇయర్‌బడ్‌తో ఒక్కో వేలి మీది కుబుసం ఒలిచాం. కుడి ముందుకాలు చిటికెనవేలి కొస అప్పటికే నల్లబడిపోయింది. దాన్ని ఒలుస్తున్నంతసేపూ మిగతా నాలుగు గోళ్ళతో నా చూపుడువేలి చర్మాన్ని పట్టుకుని ఉన్నాడు. కన్ను తెరుచుకుంది. తిండి మాత్రం ముట్టలేదు, మోషన్ కాలేదు. ఇలాంటి జీవాల్ని చూసే డాక్టరు కోసం వెతికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. బల్లి ధర కన్నా బల్లి డాక్టరు ఫీజు రెట్టింపు పైన.

ఇక్కడ ఇంకో సంగతి. మోషన్ కానిది బూందీకొక్కడికే కాదు. అమెరికా గాలి తగిలినప్పట్నుంచి మావయ్యగారికీ అదే బాధ. డాక్టరుకి చూపించమని అడుగుతూనే ఉన్నారు. విజిటర్ ఇన్సూరెన్సులో ఇలాంటివి రావని లోపల లెక్కలేసుకుని, "ఇసబ్‌గోల్ తాగండి నాన్నా" అని మా ఆయన రోజులు నెట్టుకొస్తున్నారు. నిన్న నేను "మావయ్యగారూ, డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, వస్తారా" అన్నాను. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత రిపోర్టుల ఫైలు చంకలో పెట్టుకుని కారెక్కారు. చూశాను. కారు స్టార్ట్ చేశాను.

క్లినిక్కులో కుక్కలూ పిల్లులూ కూర్చుని ఉన్నాయి. ఆయనకేం అనుమానం రాలేదు. ఈ దేశంలో కుక్కలు షాపింగుకొస్తాయి, విమానాలెక్కుతాయి. డాక్టరు దగ్గరికి యజమానితో తోడు రావడంలో వింతేముంది? టవల్ కప్పిన బూందీ డబ్బా ఆయన ఒళ్ళో పెట్టి నేను కౌంటరు దగ్గర ఫారాలు నింపుతున్నాను. ఇక్కడి జంతు క్లినిక్కుల్లో పెంపుడు జీవాలక్కూడా మన ఇంటిపేరే తగిలిస్తారు. నర్సమ్మాయి తలుపు తీసి, కూడబలుక్కుని, "ఏలేశ్వరపు?" అంది. మావయ్యగారు లేచి, చొక్కా సర్దుకుని, డబ్బాతో సహా లోపలికెళ్ళారు. ఇమిగ్రేషన్ నుంచి నేర్పాం కదా, మన పేరు పిలిస్తే లేచి వెళ్ళాలని.

లోపల జరిగింది ఆయన చెప్పగా కొంత, వాళ్ళు ప్రింటు తీసిచ్చిన కాగితం చెప్పగా కొంత.

జంతువు బెదురుతుందని డబ్బా మూత తీయకుండానే ముందు వివరాలు రాసుకుంటారట. ఇక్కడి నర్సులు 'మీరు' అనరు, 'మనం' అంటారు. మావయ్యగారికది కొత్త కాదు. కాకినాడలో ఆయన డాక్టరూ "మనకి షుగరుందా? మనం సిగరెట్లు మానేశామా?" అనే అడుగుతాడు. అందుకని ఆయన ముప్పై ఏళ్ళకి పైగా గ్రామరు చెప్పిన నోటితో, ప్రతిదానికీ పూర్తి వాక్యాల్లో జవాబిచ్చారు.

"మన వయసెంత?"

"డెబ్భై రెండు." ఆవిడ నెలలనుకుని రాసుకుంది. ఈ జాతి పదిహేను ఇరవయ్యేళ్ళ దాకా బతుకుతుంది గనక ఆవిడకి ఏ తేడా కనబడలేదు.

"మనం ఏం తింటున్నాం?"

"పెరుగన్నం. కొంచెమే. ఇక్కడికొచ్చాక ఇంకేదీ సయించడం లేదు."

ఆవిడ పెన్ను ఆగిందట. "పెరుగా? అన్నమా? రోజూనా?"

"రెండు పూటలా. వాళ్ళు ఉద్యోగాలకెళ్తూ బల్ల మీద పెట్టి వెళ్తారు."

"మోషన్?"

"ఆ సంగతి చెప్పుకోవడానికే వచ్చాను తల్లీ" అని మొదలుపెట్టి, 1998లో జరిగిన మొలల ఆపరేషన్ దాకా వెళ్ళారట. అంత ఇంగ్లీషు ఆ అమ్మాయికి ఎక్కినట్టు లేదు. కాగితంలో 'దీర్ఘకాల సమస్య' అని మాత్రం ఉంది.

"ఇంట్లో మనకి సరిపడా వేడి ఉంటోందా?"

ఆవిడ ఇంత మంచి ప్రశ్న అడుగుతుందని ఆయన కలలో కూడా అనుకోలేదట. "లేదు! ఏసీ 70లో పెడతారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు. రాత్రిళ్ళు వణికిపోతున్నాం." 'మనం'కి 'మనం' అప్పగించారు. ఇక్కడి లెక్కంతా ఫారెన్‌హీట్‌లో. లెపర్డ్ గెకోకి పెట్టెలో ఓ పక్క 90 డిగ్రీల దాకా వేడి కావాలి, లేకపోతే తిన్నది అరగదు. బయట 104 ఉన్న టెక్సాస్ ఎండాకాలంలో 70లో వణికిస్తున్న ఇంటావిడ మీద ఆ పిల్లకి ఏ అభిప్రాయం ఏర్పడి ఉంటుందో నేను ఊహించుకోగలను. మా ఇంటి ఏసీ మా ఆయన ఫోన్లో ఉంటుంది. గర్భగుడిలో విగ్రహంలా, మేం దూరం నుంచి దణ్ణం పెట్టుకోవడమే. ఇవన్నీ కాగితంలో రాయరు.

"పగలు మనతో ఎవరుంటారు?"

"ఎవరూ ఉండరు. గోడలు చూస్తూ కూర్చుంటాం."

"వ్యాయామం?"

"సాయంత్రం చెరువు చుట్టూ రెండు రౌండ్లు. శనివారం గుడికి తీసుకెళ్తారు."

దీని ఎదురుగా కాగితంలో ప్రశ్నార్థకం ఉంది. తర్వాత వేళ్ళన్నీ ఉన్నాయా అని అడిగింది. కుబుసం బిగిసి వేళ్ళు ఊడిపోవడం గెకోల్లో మామూలే. మావయ్యగారు అమెరికా వైద్యం క్షుణ్ణంగా ఉందని మెచ్చుకుని, చెప్పులు విడిచి చూసుకుని, ఉన్నాయన్నారు. చర్మం ఊడుతోందా అంటే ఏసీకి పగుళ్ళొచ్చాయి, కొబ్బరినూనె రాస్తున్నానన్నారు. అప్పుడు ఆవిడ ఎంతో మామూలుగా అడిగింది:

"ఊడిన చర్మం మనం తినేస్తున్నామా?"

గెకోలు తింటాయి, నిజమే. విడిచిన కుబుసాన్ని అక్కడికక్కడే మింగేస్తాయి. కానీ ఏలేశ్వరపు వారు తినరు. మావయ్యగారు లేచి నిలబడి తలుపు తీసి, వెయిటింగ్ రూమంతా వినబడేట్టు, "అమ్మాయ్! ఈవిడ మనిషి మంచిది కాదు, పోదాం పద!" అన్నారు. తెలుగులోనే అన్నారు. అయినా మూలనున్న కుక్కతో సహా అందరికీ అర్థమైంది. ఆ కుక్కని తెచ్చినాయన మా గుడి కమిటీలో ఉంటారు.

నేను పరుగున వెళ్ళేసరికి డాక్టరమ్మ కూడా వచ్చేసింది. కాగితం చదువుతోంది. చదువుతూ నన్ను చూస్తోంది. సరీసృపాలకి పాలూ పెరుగూ అరగవని, వేడి లేకపోవడం హింస కిందే లెక్కని, నిదానంగా, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. తోకలో కొవ్వు లేకుండా చేసింది ఆ స్టోరువాళ్ళు. వాళ్ళనడిగే దిక్కులేదు. వాణ్ణి ఆ ఇసకలోంచి ఎత్తుకొచ్చినదాన్ని నేను, నా చేతిలో బల్లిని ఎలా చూసుకోవాలో చెప్పే కరపత్రం!

ఇక ఆగలేక, "డాక్టరుగారూ, ఇదంతా బల్లి గురించి కాదు. మా మావయ్యగారి గురించి!" అన్నాను.

గది నిశ్శబ్దమైపోయింది. డాక్టరమ్మ కాగితాన్ని మళ్ళీ మొదట్నుంచి చదివింది. పెరుగన్నం. 70 డిగ్రీలు. పగలంతా ఒంటరి. ఈసారి తలెత్తి నన్ను చూసిన చూపుతో పోలిస్తే ఇందాకటిది ఆశీర్వచనం.

చలేస్తోందని నాతో ఒక్కసారీ అనలేదు. అన్నీ కొడుకుతో చెప్పుకోవడం, లేదంటే ముక్కూమొహం తెలియని నర్సుతో. నిన్న ఉదయం నేనే అడిగాను, "కూర చేయనా మావయ్యగారూ" అని. "వద్దమ్మా, పెరుగన్నం చాలు" అన్నదెవరు?

బూందీని తూచారు. 32 గ్రాములు, ఈ సైజుకి యాభై దాటాలట. త్రాసు మీదే ఇన్నాళ్ళ మొండితనం వదిలేశాడు. మావయ్యగారు దాన్ని కాస్త అసూయగా చూశారు. ఆ మోషన్‌ని పరీక్షకి తీసుకుని మమ్మల్ని పంపించారు. ఇంటికి రాగానే మా ఆయన ఫోన్ లాక్కుని ఏసీ 76కి మార్చాను. రాత్రి బూందీ పట్టకారతో అందించిన పురుగుని గబుక్కున లాక్కుని తిన్నాడు.

పొద్దున్న నేను మీటింగులో ఉండగా క్లినిక్కు నుంచి ఫోనొచ్చింది. మావయ్యగారు తీశారు. మాట్లాడి, పెట్టేసి, మొహం వేలాడేసుకుని నా గది తలుపు దగ్గర నిలబడ్డారు.

"కడుపులో నులిపురుగులున్నాయటమ్మా. మందు రాశారట."

"ఎవరికి మావయ్యగారూ? బూందీకే కదా?"

"ఏమో తల్లీ. మనకి అంది."