చెక్ చైన్లు బిగదీసి మరిచిపొమ్మన్న సలహా

మిరుగానికి (మృగశిర కార్తెకు) ముందు దుక్కుల కాలం వచ్చిందంటే మహారాష్ట్రలోని కిన్వట్, మాహుర్, పాండర్‌కవడా వైపు మన తెలుగు రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. ట్రాక్టర్ వెనక పనిముట్టు అటూ ఇటూ ఊగకుండా చేసే చిట్కాలట. పనిముట్టును ట్రాక్టర్‌కు పట్టి ఉంచేవి కింద రెండు లింకులు, పైన ఒక టాప్ లింక్. కింది లింకులు పక్కలకు ఊగకుండా ఆపేవి చెక్ చైన్లు. లింకు కొసలో పిన్ను దూరే గుండ్రటి ముక్క బాల్. అందులో ఉన్నది ఇంతే: పనిముట్టును నేల మీదికి దించి, రెండు చెక్ చైన్లనూ ఇసుమంత కదలకుండా బిగించండి, ఏ పనిముట్టుకైనా ఇదే సూత్రం. అప్పటికీ ఊగితే టాప్ లింక్ పొట్టి చేయండి. ఇంకా ఊగితే కింది లింకులు రెండింటి మధ్య రాడ్ పెట్టి వెల్డింగ్ కొట్టించండి. ఊగిందంటే బాల్స్ అరిగినట్టే, డీజిల్ కూడా దండగ.

కొంత నిజం కలిసి ఉంది కాబట్టే జనం నమ్ముతున్నారు. తిరిగే బ్లేడ్లతో మట్టిని పొడి చేసే రోటవేటర్‌కు చైన్లు బిగువుగానే ఉండాలి. "ఏ పనిముట్టుకైనా" అన్న దగ్గరే వచ్చింది చిక్కంతా.

కల్టివేటర్, పల్టీ నాగలి మట్టిలో దిగి నడిచే పనిముట్లు. ట్రాక్టర్ వెనక నిలబడి కింది లింకులను ఒకసారి చూడండి. పనిముట్టు దగ్గర ఎడంగా ఉంటాయి, ముందుకు పోయేకొద్దీ దగ్గరవుతాయి. ఆ రెండు గీతలను మనసులో ఇంకా ముందుకు పొడిగిస్తే ట్రాక్టర్ ముందు భాగాన ఎక్కడో కలుస్తాయి. పనిముట్టు ఆ కలిసే చోట కట్టి లాగినట్టే నడుస్తుంది. పక్కకు జరిగినా, లాగే బలమే దాన్ని మళ్లీ మధ్యకు తెస్తుంది. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్‌తో బాగా వ్యాపించిన హ్యారీ ఫెర్గూసన్ మూడు లింకుల అమరికలో ఉన్న తెలివి ఇది కూడా. చైన్లు బిర్రుగా బిగిస్తే ఆ తెలివిని మనమే కట్టిపడేసినట్టు. స్టీరింగ్ కాస్త తిప్పితే చాలు, కల్టివేటర్ తొమ్మిది టైన్లను (కర్రులు బిగించే కాళ్లను) మట్టిలో అడ్డంగా ఈడ్చాల్సి వస్తుంది. ముందు టైర్లు జారుతాయి, బండి మలగదు, డ్రైవర్ ఒక పక్క బ్రేక్ తొక్కి తిప్పుకుంటాడు. నల్లరేగడిలో ఇంతటితో పోతుంది. మాహుర్ గుట్టల పక్కనున్న రాళ్ల చెలకల్లో అయితే రాయి తగిలినప్పుడు పక్కకు తప్పుకునే సందు లేక దెబ్బంతా బాల్ మీదా పిన్ను మీదా పడుతుంది. దున్నేటప్పుడు ఒక్కో పక్కకు సుమారు రెండంగుళాల ఆట, అంటే కదిలే వదులు, ఉండనివ్వాలి. మీ ట్రాక్టర్ పుస్తకంలో వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి.

ఇక "నేల మీదికి దించి బిగించండి" అన్నది మెసేజ్ మొత్తంలో ఎక్కువ ఖర్చు తెచ్చే మాట. చైన్ ముందు కొస ఎక్కడ తగిలించి ఉందో, కింది లింక్ ఏ పిన్ను మీద తిరుగుతుందో చూడండి. రెండూ ఒకే వరుసలో ఉంటే లింక్ లేచినా దిగినా చైన్ బిగువు మారదు. చాలా బండ్లలో అలా ఉండవు. లింక్ పైకి లేచేకొద్దీ కొన్నింటిలో చైన్ బిగుస్తుంది, కొన్నింటిలో వదులవుతుంది. లేచేటప్పుడు బిగిసే రకం చాలా చోట్ల కావాలనే పెట్టింది. దున్నేటప్పుడు ఆట ఉంటుంది, ఎత్తి రోడ్డెక్కాక పనిముట్టు టైరుకు తగలకుండా నిలుస్తుంది. అలాంటి బండికి కింద ఉన్నప్పుడే బిర్రుగా తిప్పి, ఆపైన హైడ్రాలిక్ లివర్ లేపితే ఏమవుతుంది? లిఫ్ట్ ఆగదు, చైన్ సాగదు. తెగితే చైన్ తెగాలి, అదే అదృష్టం. లేదంటే బ్రాకెట్ బోల్టు విరుగుతుంది, యాక్సిల్ హౌసింగ్‌లో మరలు ఊడి వస్తాయి. ఆ హౌసింగ్ పోత ఇనుము. దాని ఖరీదు ముందు చైన్ ఖరీదు ఎంత!

కాబట్టి పూర్తిగా ఎత్తి ఒకసారి, దించి ఒకసారి, రెండు చోట్లా చూసి బిగించాలి. ఎత్తినప్పుడు ఇంజను ఆపి, పనిముట్టు కింద గట్టి దిమ్మలు పెట్టి, పక్క నుంచి తోసి చూడండి. హైడ్రాలిక్‌ను నమ్మి కిందికి దూరొద్దు. రెండు పక్కలా ఆట సమానంగా ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఒక పక్క బిగువు, ఇంకో పక్క వదులు అయితే పనిముట్టు మధ్యలో నడవదు.

బిగువు అక్కరపడేది గీత తప్పకూడని పనులకు. రోటవేటర్ ఊగితే దానికి ఇంజను బలం అందించే పీటీఓ షాఫ్ట్ వంకరగా తిరిగి, షాఫ్ట్ కీలులో ఉండే క్రాస్ మీద భారం పడుతుంది. సోయా సాళ్ల మధ్య 45 సెంటీమీటర్లు పెట్టి సీడ్ డ్రిల్‌తో విత్తేటప్పుడు అది అటూ ఇటూ పోతే, తర్వాత కలుపు తీయడానికి దిగినప్పుడు తెలుస్తుంది బాధ. పత్తి సాళ్ల మధ్య చిన్న ట్రాక్టర్ తిప్పేవాళ్లకు చెప్పనే అక్కర్లేదు, మూడంగుళాలు జరిగితే మొక్కే లేచిపోతుంది.

టాప్ లింక్ సంగతి రెండు ముక్కల్లో: దాన్ని పొట్టి చేస్తే పనిముట్టు ముందుకు వంగి ముందు వరుస టైన్లు లోతుగా దిగుతాయి. పక్కకు ఊగడానికీ దానికీ సంబంధం లేదు. ఊగడం తగ్గినట్టు అనిపించిందంటే లోతెక్కువై మట్టి పట్టుకుందన్నమాట, ఇంజను మీద బరువూ పెరిగిందన్నమాట.

వెల్డింగ్ చేయించొద్దు. లింకులు కాల్చి చల్లార్చి గట్టిపరచిన ఉక్కు. వెల్డింగ్ వేడికి అతుకు పక్కనే ఆ గట్టిదనం చెడి, ఏదో ఒక రోజు బరువు ఎత్తినప్పుడు పగులుతుంది. పైగా లింకులు రెండూ వేటికవే లేచి దిగితేనే కుడి లింకును పైకి లేపే లిఫ్ట్ రాడ్ హ్యాండిల్ తిప్పి పనిముట్టును మట్టం చేయగలం. మధ్యలో రాడ్ అతికిస్తే ఆ హ్యాండిల్ ఉన్నా లేనట్టే.

ఊగిందంటే బాల్ అరిగినట్టేనా? అరగొచ్చు. కానీ కొత్త బాల్ కొనే ముందు పిన్ను మందం కొలవండి. లింకుల సైజును కేటగిరీ అంటారు: కేటగిరీ 1 కింది పిన్ను 22 మిల్లీమీటర్లు, కేటగిరీ 2ది 28. పెద్ద బాల్‌లో చిన్న పిన్ను పెట్టి నడిపితే ఆరు మిల్లీమీటర్ల సందు బాల్‌లోనే ఉంటుంది. పనిముట్లు అద్దెకిచ్చి పుచ్చుకునే ఊళ్లలో ఇది మామూలే, ఎవరి కల్టివేటరో ఎవరి ట్రాక్టర్‌కో తగిలిస్తాం. మధ్యలో బుష్ వేస్తే సరిపోతుంది. టాప్ లింక్ పిన్నుకూ అంతే, 19, 25 అని రెండు కొలతలున్నాయి. పనిముట్టు ఊగకుండా ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే మాత్రం వెతకాల్సింది వేరే చోట: లిఫ్ట్ రాడ్లు సమంగా లేవేమో, వెనక టైర్లలో గాలి ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ ఉందేమో.

చివరగా డీజిల్. దుక్కిలో రెండంగుళాల ఆటకు డీజిల్ పోదు. వెనక టైర్లు జారడం, అక్కర్లేని లోతు, మొద్దుబారిన కర్రులు, వీటికి పోతుంది. చైన్లు బిర్రుగా ఉన్న కల్టివేటర్‌ను ప్రతి మలుపులోనూ అడ్డంగా ఈడిస్తే దానికీ కాస్త పోతుంది.