అమ్మ మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడండి

మతిమరుపు పోగొట్టే మందు వచ్చేసిందని మా కోనసీమ గ్రూపుల్లో మళ్ళీ ఒక వార్త తిరుగుతోంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మా అమ్మకి డెబ్బై నాలుగేళ్ళు. కొబ్బరి దింపు అయిందంటే ఏ గట్టు మీద ఎన్ని కాయలు దిగాయో కాగితం లేకుండా చెప్పే మనిషి, ఏడాదిగా పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది.

తీరా చూస్తే అది 2020లో అమెరికాలో ఎలుకల మీద ఇస్రిబ్ అనే మందుతో చేసిన ప్రయోగం. కొత్త జ్ఞాపకం నిలవాలంటే మెదడు కణాల్లో కొత్త ప్రొటీన్లు తయారవ్వాలి. వయసు మీదపడ్డాక ఆ తయారీకి బ్రేకు పడుతుంది. ఇస్రిబ్ ఆ బ్రేకును వదులు చేస్తే, ముసలి ఎలుకలు నీళ్ళలో దారి వెతకడం బాగా నేర్చుకున్నాయి. గొప్ప పరిశోధనే. కానీ ఎలుకకి పనిచేసింది అమ్మకి పనిచేస్తుందని ఎవరూ తేల్చలేదు. "వచ్చేసింది" అని రాసినవాళ్ళ మీద నాకు చాలా కోపంగా ఉంది.

ఈ ఆశతోనే ముందు మెడికల్ షాపులో జ్ఞాపకశక్తికని అమ్మే జింకో అనే చెట్టు ఆకుల సారం క్యాప్సూల్స్ కొన్నాను. డెబ్బై అయిదు, ఆ పైబడిన 3,069 మందిలో దాదాపు సగం మందికి జింకో, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర ఏళ్ళ తరబడి ఇచ్చి చూస్తే జింకో మతిమరుపు జబ్బును ఆపలేదని 2008లోనే తేలింది. ఆ సంగతి నాకు కొన్నాక తెలిసింది.

చివరికి కాకినాడలో ఒక డాక్టరమ్మ "ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తెచ్చారా?" అని అడిగారు. అంతకుముందు ఒక్కరూ అడగలేదండి! సంచి బోర్లిస్తే అందులో దురద మాత్ర ఉంది, క్లోర్‌ఫెనిరమిన్. ఎప్పుడో ఎవరో రాసిచ్చింది, అమ్మ రోజూ రాత్రి వేసుకుంటూనే ఉంది. జ్ఞాపకానికి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కావాలి. 1996 నుంచి మతిమరుపు జబ్బు ఆల్జీమర్స్‌కి వాడుతున్న డొనెపెజిల్ పని దాన్ని తగ్గిపోకుండా చూడటమే. ఈ దురద మాత్ర అదే రసాయనానికి అడ్డుపడుతుంది. ముసలివాళ్ళని మరీ మబ్బుగా చేస్తుంది. నేను జ్ఞాపకం పెంచే మందు కోసం ఊళ్ళు తిరుగుతుంటే, చెరిపే మందు మా అలమరలోనే ఉంది.

మతిమరుపుకి ఇంకేమైనా కారణం ఉందేమోనని చేయించిన రక్తపరీక్షలో విటమిన్ బీ12 కూడా బాగా తక్కువని తేలింది. థైరాయిడ్ బాగానే ఉంది. వినికిడి తగ్గిందేమోనని చెవులు కూడా చూపించమన్నారు.

మాత్రలు మీ అంతట మీరు ఆపెయ్యకండి, ఆ డబ్బా మొత్తం డాక్టరు ముందు పెట్టండి. "ముసలితనం కదా, మామూలే" అని పంపించేస్తే కదలకుండా కూర్చోండి, బీ12, థైరాయిడ్ పరీక్షలు రాయమని అడగండి.

దురద మాత్ర మార్చి, బీ12 ఇంజెక్షన్లు మొదలుపెట్టి మూడు నెలలైంది. మొన్న దింపులో అమ్మ సగం చెట్ల లెక్క తనే చెప్పింది. మిగతాది నన్ను రాసుకోమంది.