సముద్రం కనిపించే గది కాదు, గడప అడ్డురాని గది అడగండి

విశాఖలో 2023 సెప్టెంబరులో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి మా విజయనగరం, శ్రీకాకుళం ఇళ్లలో ఓడ ప్రయాణం మాట తరచూ వినిపిస్తోంది. పిల్లలు స్థిరపడ్డారు, అమ్మానాన్నలని ఒక్కసారి సముద్రం మీద తిప్పుదాం అనుకునేవాళ్లు పెరిగారు. చాలా మంచి ఆలోచన. అయితే మోకాళ్లు అరిగినవాళ్లకి, పక్షవాతం నుంచి తేరుకున్నవాళ్లకి, వీల్‌చైర్‌లో తిరిగేవాళ్లకి మనం గది ఎంచే పద్ధతి మాత్రం పూర్తిగా తప్పు. అందరూ ముందు అడిగేది బాల్కనీ ఉందా అని. ముందు అడగాల్సింది బాత్రూమ్ గడప ఎంతెత్తు అని.

ఈ మాట నాకు మా పెదనాన్న వల్ల తెలిసింది. ఆయన చీపురుపల్లి దగ్గర బడిపంతులుగా చేసి రిటైరయ్యారు. పక్షవాతం వచ్చి తగ్గాక ఎడమ కాలు ఈడుస్తూ, వాకర్ పట్టుకుని నడుస్తారు. రెండేళ్ల కిందట వేరే రేవులో ఎక్కి మూడు రాత్రుల ఓడ ప్రయాణం చేశాం. టికెట్లు తీసిన ఏజెంటు బాల్కనీ గది తీసుకోమన్నాడు, పెద్దాయన మంచం మీంచే సముద్రం చూస్తారన్నాడు. మేమూ ఇంకేమీ అడగలేదు. గదిలోకి వాకర్ అడ్డంగా తిప్పితే గానీ పట్టలేదు. బాత్రూమ్ దగ్గర అదీ ఆగిపోయింది. ముందు కాళ్లు ఇనుప గడపకి తగిలాయి. పెదనాన్న ఒక చేత్తో తలుపు చట్రం పట్టుకుని కిందికి చూసి, "ఏట్రా ఇది, బాత్రూముకీ గడపేటి?" అన్నారు. ఆ రాత్రి భోజనం దగ్గర గ్లాసు ముట్టుకోలేదు. మర్నాడూ అంతే. మూడో రోజు గానీ నాకు అర్థం కాలేదు, రాత్రి లేవాల్సి వస్తుందని ఆయన సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తున్నారని. బాల్కనీలోకి ఒక్కసారీ వెళ్లలేదు. అక్కడా గడపే.

గడప ఎందుకు పెడతారో తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది. ఓడ పక్కలకి ఒరిగినప్పుడు స్నానం నీళ్లు గదిలోకి పారకుండా ఆపడానికి అది కావాలి. బాల్కనీ తలుపు దగ్గర వాననీళ్లకీ అంతే. కాబట్టి మామూలు గదుల్లో అది ఉంటుంది, తియ్యరు. అందుకే వికలాంగుల కోసం విడిగా కట్టిన గదులుంటాయి. వాటిలో బాత్రూమ్ నేల గదికి సమంగా ఉంటుంది, నీళ్లు పోవడానికి వాలు ఇస్తారు. గోడకి పట్టుకునే కడ్డీలు, స్నానానికి కూర్చునే బల్ల, వీల్‌చైర్ గుండ్రంగా తిరగడానికి దాదాపు ఐదడుగుల జాగా ఉంటాయి. మామూలు గది తలుపు చాలా ఓడల్లో 22 నుంచి 24 అంగుళాలు ఉంటే, ఈ గదుల్లో 32 అంగుళాలకి తగ్గదు. మన ఆసుపత్రుల్లో చూసే వీల్‌చైర్ వెడల్పు 24 నుంచి 26 అంగుళాలు. లెక్క ఇంతే. మనిషి పరువు ఆ ఎనిమిది, పది అంగుళాల మీద ఆధారపడి ఉంది.

ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్ని కంపెనీలు పూర్తిగా వీల్‌చైర్‌లో ఉండేవాళ్లకి ఒక రకం గది, కర్రతోనో వాకర్‌తోనో కొంత నడిచేవాళ్లకి ఇంకో రకం గది పెడతాయి. రెండో రకం గదికి వీల్‌చైర్ తీసుకెళ్తే ఇబ్బంది తప్పదు. 'వికలాంగుల గది' అనగానే సరే అనకండి. ఇంట్లో టేపు తీసి వాకర్ లేదా వీల్‌చైర్ అత్యంత వెడల్పైన చోట కొలవండి. తలుపు కొలత, మంచం ఎత్తు, బాత్రూమ్ ఫొటో రాతపూర్వకంగా అడగండి. వెయ్యికి పైగా గదులున్న ఓడలో కూడా ఇలాంటివి కొన్ని పదులే ఉంటాయి, అవి ముందే అయిపోతాయి. గది నంబరు కంపెనీయే తర్వాత ఇస్తుందని తక్కువ రేటుకి అమ్మే టికెట్ల జోలికి అసలు పోవద్దు.

గది ఎక్కడ అన్నది తర్వాతి సంగతి. దానికి భావనపాడులోనో కళింగపట్నంలోనో ఏ మత్స్యకారుణ్ని అడిగినా జవాబు దొరుకుతుంది. పడవ ముక్కు మీద కూర్చున్నవాడు ఎగిరిపడతాడు, మధ్యలో ఉన్నవాడికి కుదుపు తక్కువ. పెద్ద ఓడైనా అంతే. కింది అంతస్తుల్లో, ఓడ మధ్యలో ఉన్న గది నడక తడబడేవాళ్లకి మేలు. లిఫ్టుకి దగ్గరగా కూడా ఉండాలి, ఎందుకంటే వరండాలు చాలా పొడవు. అత్యవసర సమయంలో లిఫ్టులు వాడనివ్వరు కాబట్టి, మా మనిషికి మెట్లు దిగడానికి సాయం కావాలని ముందే రాసివ్వాలి. ఇంకొకటి. కొన్ని ఊళ్లలో ఓడ రేవుకి ఆనదు, సముద్రంలోనే లంగరేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. వీల్‌చైర్ ఆ పడవలోకి ఎక్కించడం చాలాసార్లు కుదరదు. ఏ ఊళ్లో ఎలా దింపుతారో డబ్బు కట్టకముందే కనుక్కోవాలి.

బాల్కనీ వాదనలో బలం లేదని అనను. కదల్లేని మనిషి ఎక్కువసేపు గదిలోనే ఉంటారు, కాబట్టి ఆ గదిలోకి వెలుగు, గాలి, సముద్రం రావాలంటారు. గడప లేని బాల్కనీ గది దొరికితే తప్పకుండా తీసుకోండి. రెండింట్లో ఒకటే దొరికితే మాత్రం, కిటికీ కూడా లేని లోపలి గదైనా సరే, బాత్రూమ్‌కి సొంతంగా వెళ్లొచ్చే గదే మేలు. సముద్రం డెక్ మీద అందరికీ ఉంది. సిబ్బంది ఉన్నారు, ఎత్తి దాటిస్తారు అనేవాళ్లకి ఒక్కటే చెబుతాను. డెబ్బై ఏళ్ల మనిషిని అర్ధరాత్రి ఇద్దరు కొత్తవాళ్లు చంకల కింద చేతులేసి బాత్రూమ్‌లోకి ఎత్తుకెళ్లడం సాయం కాదు.

అసలు మనకి ఈ ప్రశ్న ఎందుకు తట్టలేదు? అడిగే అలవాటు లేదు కాబట్టి. గడప దాటలేనివాళ్లు ఇంట్లో ఉండాలన్నదే మన ఊళ్ల లెక్క. మా వీధుల్లో పాత ఇళ్ల అరుగుకి మూడు మెట్లు, ఆ పైన గడప. రైలు పెట్టె ఎక్కాలంటే మళ్లీ నిలువు మెట్లు. వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. 2017లో నియమాలు వచ్చిన అయిదేళ్లలోగా అప్పటికే ఉన్న, జనం వచ్చిపోయే భవనాలన్నీ అందరూ వాడేలా మార్చాలని ఆ చట్టమే చెప్పింది. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబరులో చూపు లేని రాజీవ్ రతూరి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు, నియమాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు కావాలని, మూడు నెలల్లో తయారు చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది.

కింద మన దగ్గర ఏం జరుగుతోందో మా జిల్లాలో ఒక ఆఫీసు దగ్గర చూశాను. ర్యాంపు ఉంది. అంగుళం ఎత్తుకి కనీసం అడుగు పొడవు ఉండాలన్నది అందరూ ఒప్పుకున్న కొలత. మెట్లు రెండడుగుల ఎత్తుంటే ర్యాంపు 24 అడుగులు పోవాలి. అక్కడ ఆరేడు అడుగుల్లో ముగించేశారు. పైకి తోయాలంటే ఇద్దరు కావాలి, కిందికి దిగాలంటే భయం. దాని మీద రెండు మోటారు సైకిళ్లు కూడా పెట్టి ఉన్నాయి. మన రాష్ట్రంలో వికలాంగులకి 2024 జులై నుంచి నెలకి 6,000 రూపాయల పింఛను ఇస్తున్నారు, ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. ఆ డబ్బుతో ఎన్నో ఇళ్లు నడుస్తున్నాయి, దాన్ని తక్కువ చేయను. కానీ పింఛను ఇంటికొచ్చినట్టు బ్యాంకు, బడి, పైడితల్లమ్మ సంబరం ఇంటికి రావు. వాటి దగ్గరికి మనిషే వెళ్లాలి. వెళ్లే దారికి పెట్టే ఖర్చు సిమెంటు, ఇసుక, సరైన కొలత తెలిసిన మేస్త్రి. అదీ చేయించుకోలేకపోతున్నాం.

పెదనాన్న మళ్లీ ఓడ ఎక్కుతానంటున్నారు. మొన్న ఆదివారం ఆయనే వాకర్ కొలిచారు, 25 అంగుళాలు. కాగితం మీద రాసుకుని ఏజెంటుకి ఫోన్ చేసి, పాత పంతులు గొంతుతో మూడు ప్రశ్నలు అడిగారు: తలుపు ఎంత, గడప ఎంత, కడ్డీ ఏ వైపు. తన కుడి చేతికే గట్టి పట్టు ఉంది కాబట్టి మూడోది ముఖ్యమని రెండుసార్లు చెప్పారు. ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు, కనుక్కుని చెబుతానని ఏజెంటు అన్నాడు. ఆ జవాబు వచ్చేదాకా అడ్వాన్సు కట్టొద్దని నాకు ఆర్డరు.