లంబసింగిలో హిమపాతం లేదు, కొనడానికి భూమీ లేదు

దక్షిణాదిలో హిమపాతం చూడగలిగే ఒకే ఒక్క ఊరు లంబసింగి అట. చుట్టూ జనం లేని కొండలట. భూములు చవగ్గా దొరుకుతున్నాయి, కొని రిసార్టు కట్టుకోవచ్చట. చలికాలం వస్తే చాలు, ఈ మాటలు ఫోన్ల నిండా తిరుగుతాయి. మూడూ అబద్ధాలే.

చలి మాత్రం నిజం. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఈ ఊళ్లో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది. అయితే అంత చలి పుట్టేది ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్నప్పుడే. నేల వేడి పైకి పోతుంది, కొండవాలు మీది చల్లగాలి బరువెక్కి లోయలోకి జారి నిలుస్తుంది. తెల్లారేసరికి పొగమంచు కమ్ముతుంది, ఒక్కోసారి గడ్డిమీది తేమ తెల్లగా గడ్డకడుతుంది. హిమం కురవాలంటే మబ్బు పట్టాలి కదా! బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టి మబ్బు పడితే రాత్రి చలి తగ్గుతుంది, కురిసేది వానే. దగ్గర్లోని చెరువులవేనం కొండ మీంచి జనం ఫొటోలు తీసే తెల్లటి సముద్రం లోయలో నిలిచిన మబ్బు. గడ్డిమీది ఆ తెల్లపొర ఊటీలో, మున్నార్‌లో కూడా కనిపిస్తుంది.

ఇక జనం లేని కొండలన్న మాట వింటే బాధేస్తుంది. బగత, కొండదొర, కోదు, పోర్జ, గదబల ఊళ్లు ఈ మన్యమంతా ఉన్నాయి. దారి పక్కన అడవి అనుకుని మీరు దాటిపోయేది చాలాచోట్ల ఒక గిరిజన రైతు కాఫీ తోట, చెట్లకు పాకినవి అతని మిరియాల తీగలు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు కొండెక్కే రోడ్డు కోసం గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా ఇక్కడి మనుషుల చేత చాకిరీ చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడటం వెనకున్న కోపాల్లో అదొకటి.

అన్నిటికన్నా హాని చేసేది భూమి మాట. ఇది షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు, అందరూ 1/70 చట్టం అనేది దాన్నే. గిరిజనుడి భూమిని గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. లీజూ, తాకట్టూ ఈ నిషేధం కిందికే వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవలసింది అతనే.