గరికకు దండం, బఫెలో గడ్డికి చోటు

మొన్న మన డల్లాస్ వినాయక చవితి వేడుకల్లో 'అందమైన ముంగిలి' పోటీ స్లైడ్లు వేస్తూ, మా ఇల్లు రాగానే "అన్నగారు వాకిట్లోకి అనంతపురాన్ని దింపేశారు" అని మైకులో అన్నారు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను గానీ మనసు చివుక్కుమంది.

అది చచ్చిన గడ్డి కాదండీ. బఫెలో గడ్డి, ఈ అమెరికా మైదానాల సొంత గడ్డి. ఒకప్పుడు అడవిదున్నలు మేసింది దీన్నే. వానలు మొహం చాటేస్తే గోధుమరంగుకు తిరిగి పడుకుంటుంది, మంచి వాన పడితే లేస్తుంది. మన డల్లాస్ నల్లరేగడి దీనికి బాగా నచ్చుతుంది.

విత్తనంతో పెంచడానికి మాత్రం ఓపిక కావాలి. గింజలు గట్టి ముళ్లకాయల్లో దాక్కుంటాయి. త్వరగా మొలిచేలా శుద్ధి చేసినవి కొనకపోతే చాలామటుకు మొలవకుండా మొండికేస్తాయి. నేల వెచ్చబడ్డాక, ఏప్రిల్ చివర్లోనో మేలోనో, వెయ్యి చదరపు అడుగులకు 2-3 పౌండ్లు చల్లి, అర అంగుళం లోపే మట్టి కప్పాలి. మొలక నిలదొక్కుకునేదాకా తడి ఆరనివ్వకూడదు. ఆ తర్వాత చేయి బిగించాలి. జాలిపడి నీళ్లు పెడితే బెర్ముడా గడ్డి వచ్చి మింగేస్తుంది.

ఆ బెర్ముడా మన గరికే. నేను దాన్ని పీకుతుంటే మా అత్తగారు "గణపతికి ఇష్టమైనదాన్ని పెరికేస్తావా నాయనా?" అని గుమ్మంలోనే నిలబడిపోయారు. పూజకు కావలసినంత కుండీలో పెంచి ఇస్తానని ఒప్పుకున్నాకే లోపలికి వెళ్లారు.

న్యాయంగా చెప్పాలంటే గరికా ఎండకు ఆగుతుంది. పిల్లల క్రికెట్‌కు అదే మేలు. చెట్టు నీడలో బఫెలో గడ్డి బతకదు, చలికాలమంతా ఎండినట్టే కనిపిస్తుంది. కానీ వారం వారం కోత, ఎరువు అక్కర్లేదు. నీళ్లు పొదుపు చేసే గడ్డిని హెచ్‌ఓఏలు (కాలనీల ఇంటి యజమానుల సంఘాలు) నిషేధించకుండా టెక్సాస్ 2013లోనే చట్టం తెచ్చింది. ముందుగా ప్లాన్ చూపమనొచ్చు, అంతే. వాళ్లకు లేని అభ్యంతరం మనకెందుకు? ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఊళ్ల నుంచి వచ్చి, స్ప్రింక్లరు రోడ్డు కడుగుతుంటే కాఫీ తాగుతూ చూస్తున్నాం!

కమిటీవారికి నా మనవి: వచ్చేసారి ఫొటోతోపాటు ఆగస్టు నీటి బిల్లు కూడా అడగండి. ఉగాదికి ప్లాస్టిక్ డబ్బాల బదులు ఈ గింజల పొట్లాలు పంచండి, విత్తే అదునుకు అందుతాయి. ఎండ బాగా పడే వాకిలి ఉన్నవాళ్లు నాకు చెప్పండి, ఆర్డరు కలిపి పెడదాం.