అనువాదకుడు ఇచ్చిన ప్రమోషన్లు

జర్మన్ సైన్యంలో ఎవరికి ఏ హోదా దక్కాలో కైజరు (చక్రవర్తి) నిర్ణయించేవాడని పుస్తకాల్లో రాస్తారు. అది సగం నిజం. మిగతా సగం అధికారం ఇంగ్లిష్ అనువాదకుడిది. టీ తాగుతూ, నిఘంటువు తిరగేస్తూ, పోయి వందేళ్లయిన ఆఫీసర్లను కూడా ఆయన పైకెక్కించగలడు, కిందికి దించగలడు. దీనిమీద అప్పీలు లేదు. ఎరియర్సూ లేవు.

హిట్లర్ సంగతే చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో అతని హోదా గెఫ్రైటర్. 'మినహాయింపు దొరికినవాడు' అని అర్థం. పూర్వం ఈ హోదా వచ్చిన సిపాయికి కాపలా డ్యూటీ తప్పేది, అంతే. నలుగురి మీద పెత్తనం చేసే అధికారమేమీ రాదు. ఇంగ్లిష్‌లో మాత్రం 'కార్పొరల్' అని రాసేశారు. అంటే కింద కొందరు సిపాయిలున్న చిన్నపాటి నాయకుడన్నమాట. ఫీల్డ్ మార్షల్‌గా చేసి తర్వాత జర్మనీ అధ్యక్షుడైన హిండెన్‌బర్గ్ అతన్ని 'బొహీమియా గెఫ్రైటర్' అని ఈసడించాడు. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఆ తిట్టులోనే ప్రమోషన్ కూడా కలిసొచ్చింది.

ఈ గొడవంతా ఎందుకు, మాటకు మాట పెట్టేస్తే సరి అంటారు కొందరు. పెట్టి చూద్దాం. 'మార్షల్' అంటే పాత జర్మన్‌లో గుర్రాలు చూసుకునే పాలేరు. 'ఫెల్ట్' అంటే రణరంగం, పొలం కూడా. 'గెనెరాల్' అంటే సాధారణ. కాబట్టి సైన్యంలో అందరికన్నా పైనుండే గెనెరాల్‌ఫెల్ట్‌మార్షల్ (ఫీల్డ్ మార్షల్) గారు 'సాధారణ పొలపు గుర్రాల పాలేరు'. సార్జెంటు స్థాయి ఫెల్ట్‌వేబెల్‌ను 'పొలం బంట్రోతు' అనాలి. (నవ్వకండి. ఒకప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలో జమేదారు అంటే ఆఫీసరు. ఇప్పుడు మన మున్సిపాలిటీల్లో చీపుళ్ల హాజరు చూసుకుంటున్నాడు. జర్మన్ల పాలేరు శాల నుంచి కోటకెక్కితే, మన జమేదారు దండు నుంచి రోడ్డుకు దిగాడు.)

మొదటి ప్రపంచ యుద్ధంలో 80 విమానాలు కూల్చిన జర్మన్ పైలట్ రిష్ట్‌హోఫెన్ హోదా రిట్‌మైస్టర్, అంటే స్వారీ మాస్టారు. అశ్వదళం నుంచి వచ్చాడు కాబట్టి ఆకాశంలోకి వెళ్లినా ఆ పేరు వదల్లేదు. 'కెప్టెన్' అని రాస్తే గుర్రం మాయమవుతుంది. 'అశ్వదళ కెప్టెన్' అని రాస్తే పాఠకుడు ఆ ఎర్ర విమానంలో గుర్రాన్ని ఎక్కడ కట్టేశారా అని వెతుక్కుంటాడు.

వీళ్లందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది లూడెన్‌డోర్ఫ్‌కు. 1916 ఆగస్టు నుంచి హిండెన్‌బర్గ్‌తో కలిసి జర్మనీ యుద్ధం మొత్తాన్ని నడిపినవాడు. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఆయన 'ఫస్ట్ క్వార్టర్‌మాస్టర్ జనరల్'. క్వార్టర్‌మాస్టర్ అనగానే మనకు కనిపించేది దుప్పట్లు, బూట్లు లెక్కపెట్టి సంతకం పెట్టించుకునే స్టోర్సు ఆఫీసరు. అలాంటివాడు 1917 జూలైలో హిండెన్‌బర్గ్‌తో కలిసి రాజీనామా చేస్తానని బెదిరించి ఏకంగా దేశ ప్రధాని లాంటి ఛాన్సలర్‌నే ఇంటికి పంపించాడని చదివితే పాఠకుడికి తల తిరగదా? స్టోరు తాళాలకు అంత పవరా? పైగా ఆ పేరు ఆయన కోరుకున్నదే. సర్వసైన్య సిబ్బందికి 'రెండో అధిపతి' అని ఇవ్వబోతే 'రెండో' అన్న మాట ఆయనకు గొంతు దిగలేదు. దుప్పట్లయినా సరే, మొదటివాడుగా ఉండాలి.

ఒక్క చోట మాత్రం నాకు వేళాకోళం రాదు. నాజీ పార్టీ సొంత దళమైన ఎస్‌ఎస్ వాళ్ల హోదాలు. ఐక్‌మన్ ఓబర్‌స్టుర్మ్‌బాన్‌ఫ్యూరర్. పట్టికలో వేలు పెట్టి చూస్తే లెఫ్టినెంట్ కల్నల్. కానీ అలా రాసిన మరుక్షణం, లక్షల మందిని చావుకు తరలించే రైళ్ల ఏర్పాటు చూసిన మనిషికి ఒక మర్యాదస్తుడైన సైనికుడి చొక్కా తొడిగినట్టే. ఆ జర్మన్ మాట నోరు తిరక్కపోయినా పర్వాలేదు, అలాగే ఉండనివ్వండి.

ఇంతకీ అనువాదంలో నేను ఫస్టు మార్కు ఇచ్చేది పౌలుస్‌కు. స్టాలిన్‌గ్రాడ్‌లో చుట్టుముట్టబడి ఉన్న ఈ జర్మన్ సేనానికి 1943 జనవరి 30న హిట్లర్ ఫీల్డ్ మార్షల్ హోదా పంపించాడు. జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఎవడూ ప్రాణాలతో శత్రువుకు చిక్కడని హిట్లర్ లెక్క, కాబట్టి ఆ కాగితానికి అర్థం 'కాల్చుకుని చావు' అని. పౌలుస్ దాన్ని రాత్రంతా చదువుకున్నాడో లేదో గానీ, మర్నాడు వెళ్లి రష్యన్లకు లొంగిపోయాడు.