‘ఫొటోలు తీయరాదు’ బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారికి, సికింద్రాబాదు వాస్తవ్యుడొకడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. మా కాలనీ పార్కు గేటు పక్క వేపచెట్టుకు కొట్టిన నాలుగు మేకుల మీద తమరూ క్షేమంగానే ఉన్నారని మొన్న ఆదివారం కళ్లారా చూశాను. వేప మాత్రం అంత క్షేమంగా లేదు. మేకుల చుట్టూ బంక కారుతోంది.

లోపలి రేలచెట్టు ఏడాదికి కొద్ది వారాలే విరగబూస్తుందని, సాయంత్రం ఐదున్నరకు ఏటవాలు ఎండ పడినప్పుడు ఆ పసుపు గుత్తులు లోపల దీపం పెట్టినట్టు వెలుగుతాయని, అక్కడే నిలబడి ఉన్న తమకు నేను చెప్పనక్కరలేదు. మబ్బు వల్ల రెండు ఆదివారాలు పోగొట్టుకుని, మూడో ఆదివారం స్టాండు నిలబెట్టి కెమెరా బిగించానో లేదో, ఈల వినిపించింది. వాచ్‌మన్ వచ్చి, “కెమెరా నడ్వదు సార్, బోర్డు సూడుండ్రి” అని తమ వైపు వేలు చూపించాడు.

చూశాను. అదే రేలచెట్టు కింద ఒక కుర్రాడు ఫోనులో ఏడోసారో ఎనిమిదోసారో రీలు తీసుకుంటున్నాడు. ఒక పెద్దాయన వీడియో కాల్‌లో అమెరికాలోని మనవరాలికి ఆ పూలే చూపిస్తున్నాడు. “మరి వాళ్లు?” అని అడిగితే, “అది ఫోన్ కద సార్” అన్నాడు. నా కెమెరా పాతది, 24 మెగాపిక్సెళ్లది. అతని జేబులోంచి తొంగిచూస్తున్న ఫోను వెనుక 50 అని అచ్చువేసి ఉంది. తమ మీద రాసింది ‘ఫొటోలు’ అని. ఆగిపోయింది మాత్రం కెమెరా. అంటే తమరు నిషేధించింది ఫొటోను కాదు, కెమెరా గొట్టాన్ని. చెయ్యి ఊపుకుంటూ వంద తీసుకుపోయేవాడు సందర్శకుడు, ఒక్కదాని కోసం అరగంట నిలబడేవాడు అనుమానితుడు!

అనుమతి పత్రం తెచ్చుకోమన్నారు. ఇవ్వవలసిన గదికి తాళం ఉంది, తాళానికి తుప్పు ఉంది. రుసుము కట్టిన పెళ్లి జంటలకు మాత్రం డ్రోనుతో సహా అన్నీ నడుస్తాయట.

1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షను చూశాను. కట్టడాన్ని ఫొటో తీయడం ఉల్లంఘన కాదని అందులో స్పష్టంగా ఉంది. చెట్టుకు కాపీరైటు ఉందని మాత్రం ఎక్కడా కనబడలేదు. 1897లో ప్రారంభమైన మన క్లాక్ టవర్‌ను ఎండలో, వానలో ఎన్నిసార్లు తీశానో లెక్కలేదు. 1939లో ప్రారంభమైన ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు గులాబీ రంగు రాతి మీద వెలుగు మారేదాకా గంటలు కూర్చున్నాను. అవేవీ నన్ను కాగితం అడగలేదు. మూడడుగుల రేకు ముక్క అడిగింది.

ఇంత గింజుకోవడానికి కారణం ఉంది. మా ఇంటి నుంచి నడిచిపోయేంత దూరంలోని సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభాగాన్ని, ఎక్కడికి పోతుందిలే అనుకుని, తీరికగా తీద్దామని ఏళ్ల తరబడి వాయిదా వేశాను. 2025లో కూల్చేశారు. నా దగ్గర మిగిలింది, రైలెక్కడానికి వచ్చిన మా బాబాయి భుజం వెనుక సగం కనిపించే ఒక బురుజు. రేపు నడక దారి వెడల్పు చేస్తామని ఈ రేలను కొట్టేస్తే తమరేం చేస్తారు? మేకులు పీకించుకుని ఇంకో చెట్టెక్కుతారు. సిగ్గుగా లేదూ?

కోపంతో సంచీ సర్దుకుని బయటికొచ్చాను. వెనకాలే వాచ్‌మన్ వచ్చి, ఊళ్లో ఉన్న కూతురికి పంపడానికి తన ఫొటో ఒకటి మంచి కెమెరాతో తీసిపెట్టమని మొహమాటంగా అడిగాడు. “గేటు బయట ఏం గాదు సార్” అని అతనే రూలు కూడా చెప్పాడు. టోపీ తీసి, తల దువ్వుకుని, చొక్కా గుండీ పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. అప్పటికి ఎండ ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఫొటో బాగా వచ్చింది. అతని తల పక్కనే తమరు కూడా పడ్డారు, ‘రాదు’ అన్నంత వరకే. తమ అనుమతి తీసుకోలేదు.

ఇట్లు,
గేటు బయటివాడు